గ్రహణపు మొర్రి

మన తెలుగునాట పెదవి చీలి పుట్టిన బిడ్డను "గ్రహణపు మొర్రి" యందురు. ఈ రెండు మాటలలో రెండన్యాయములు దాగియున్నవి. మొర్రి యనుట బిడ్డకు పెట్టిన పేరు. గ్రహణమనుట తల్లిపై మోపిన నేరము. గ్రహణవేళ గర్భిణి కత్తిపీట ముట్టెననియో, ఆకు త్రుంచెననియో, వాకిట నిలిచి ఆకాశమువంక జూచెననియో, అందుచేతనే బిడ్డ పెదవి తెగినదనియు నలుగురును నిశ్చయింతురు. బిడ్డ పుట్టిన గంటలోనే విచారణయు తీర్పును ముగిసిపోవును. నేరము మోయవలసినది పురిటిమంచముమీద పరుండి యుండును. ఆమె మాట వినువారుండరు.

మేము పాతపట్నమున కాపురము పెట్టి పదునాలుగేండ్లు కావచ్చినది. మావారు బడిలో ఉపాధ్యాయులు. మాయూరు శ్రీకాకుళము జిల్లాలోనిది. మహేంద్రతనయా తీరమున నున్నది. ప్రక్కనే ఒడిషాలోని పర్లాకిమిడి. మా వీథులలో తెలుగును ఒడియాయును కలసి వినబడును. కొండలనుండి దిగివచ్చిన సవరల మాటయు నడుమ నడుమ చెవిని బడును. తెలుగువారింట నేమి, ఒడియావారింట నేమి, గ్రహణమునాడు కడుపుతోనున్న కోడలిని కదలనీయక గదిలో పరుండబెట్టుట యొక్కటే. మేము కళాశాలలలో చదివినవారము కాము. తండ్రిగారియొద్ద అమరమును, బాలవ్యాకరణమును, భారతభాగవతములును చదువుకొన్నారము. అయినను ఈ విషయమునుగూర్చి వ్రాయ సాహసించుటకు కారణము, మా వీథిలోనే పెరుగుచున్న యొక చిన్నది. ఆ యింటివారి యనుమతితోనే, పేరు చెప్పక, ఆమె సంగతి కొంత యిందు వ్రాయుచున్నాము.

మొదట పురాణమే విచారింతము. రాహువు దేవతల పంక్తిలో దూరి అమృతము గ్రోలుచుండగా సూర్యచంద్రులు గుర్తించి చెప్పిరి. విష్ణువు చక్రముతో వాని శిరము ఖండించెను. నాటినుండి వాడు వారిరువురిమీదను పగబట్టి మ్రింగ జూచుచుండును. వాని పగ సూర్యచంద్రులపైననే గాని కడుపులోని శిశువుపై గాదు. ఆ కథలో గర్భిణి ప్రసక్తియే లేదు. ఇక శాస్త్రమా, ఆర్యభటుడు 499వ సంవత్సరమునందే గ్రహణములకు కారణము నీడలని వ్రాసినాడు. 2019 డిసెంబరు 26న సూర్యగ్రహణము మన దేశమంతటను కనబడెను. ఆనాడు గర్భవతులుగా నున్నవారు లక్షలకొలది. వారందరికిని పెదవి చీలిన బిడ్డలు పుట్టలేదు గదా!

మరియొక వింత చెప్పెదము. సముద్రముల కావల మెక్సికో దేశమున పూర్వము అజ్‌టెక్కులను జాతివారుండిరి. గ్రహణమనగా చంద్రుని కొరికివేయుటయనియు, ఆ కాటు కడుపులోని బిడ్డ నోటికిని తగులుననియు వారును నమ్మిరి. దానికి విరుగుడుగా గర్భిణి పొట్టకడ నల్లరాతి కత్తి నుంచుకొనెడిది. మన పెద్దలు కత్తి ముట్టరాదనిరి; వారి పెద్దలు కత్తి విడువరాదనిరి. భయ మొక్కటియే, ఆచారములు మాత్రము తలక్రిందులు. కత్తి ముట్టినచోటను ముట్టనిచోటను ఈ బిడ్డలు పుట్టుచునే యున్నారు.

వైద్యులు చెప్పునది యిది. గర్భమున శిశువు ముఖము ఒక్క ముద్దగా పుట్టదు. రెండు వైపులనుండి పెరిగి వచ్చిన భాగములు నడుమ కలసి అతుకుకొనును. పెదవి సుమారు 4వ వారమునుండి 7వ వారములోపల కూడును. నోటి కప్పు, అనగా అంగిలి, 6వ వారమునుండి 9వ వారములోపల కూడును. ఆ కూడిక యెక్కడ నిలిచిపోయిన నక్కడ చీలిక మిగులును. కొందరికి పెదవి మాత్రమే, కొందరికి అంగిలి మాత్రమే, కొందరికి రెండును చీలియుండును. ప్రపంచమున సుమారు 700 జననముల కొకటి యిట్లుండునని లెక్క. పెదవి చీలిక మగబిడ్డలలో నెక్కువ. అంగిలి మాత్రమే చీలుట ఆడుబిడ్డలలో నెక్కువ. ఒక ప్రక్కనే చీలినచో అది కుడికంటె ఎడమవైపున హెచ్చుగా గనబడును.

కారణము ఒక్కటి కాదు. వంశమునుండి వచ్చు గుణములు కొన్ని, గర్భమున మొదటి వారములలో తగిలిన స్థితిగతులు కొన్ని, కలసి యిట్లు చేయును. తల్లికి ముందే మధుమేహముండుట, పొగత్రాగుట, మూర్ఛవ్యాధికి వాడు కొన్ని మందులు, వీనివలన అపాయము హెచ్చునని తెలియుచున్నది. మూర్ఛ మందులు వాడువారు భయపడి తామై మానరాదు. బిడ్డను కోరుకొన్నప్పుడే వైద్యునితో చెప్పి మార్పించుకొనవలెను. ఫోలిక్ ఆమ్లపు మాత్రలు గర్భము నిలువకముందునుండియు వేసికొనుట వెన్నుపాము లోపములను తగ్గించునని నిశ్చయముగా తెలిసినది. కావున ఎల్లరును వేసికొనదగినవే. ఒక బిడ్డకు చీలిక కలిగిన యింట తరువాతి బిడ్డకును అట్లగుట నూటికి 2 మొదలు 5 వరకు నుండును. అనగా నూటికి 95 మందికి పైగా చీలిక లేకయే పుట్టుదురు.

ఇప్పుడు మా వీథిలోని యింటికి వత్తము. ఆ చిన్నదానికి పెదవియు అంగిలియు రెండును చీలియుండెను. పురుడు వచ్చిన పదునొకండవనాడు మేము చూడబోగా నాయనమ్మ ముఖము గోడవైపు త్రిప్పుకొని కూర్చుండెను. కోడలి యెనిమిదవ నెలలో చంద్రగ్రహణము వచ్చెననియు, కోడలు కునుకు పట్టక లేచి నీళ్లు త్రాగెననియు ఆమె ఫిర్యాదు. మేము కూర్చుండి వేళ్లమీద లెక్కించి చెప్పితిమి. "చూడమ్మా, పెదవి కూడుట రెండవ నెలతో ముగిసినది. అప్పటికి నీ కోడలికి తాను నెల తప్పిన సంగతియే సరిగా తెలియదు. ముందే విడివడియున్న పెదవిని ఎనిమిదవ నెలలో వచ్చిన గ్రహణము క్రొత్తగా నెట్లు చీల్చును?" అని యడిగితిమి. ముసలామె కొంతసేపు ఊరకుండి, "మరైతే ఎందుకిలగయ్యిందమ్మగోరూ?" అనెను. ఆ ప్రశ్నలో కోపము లేదు, దుఃఖము మాత్రమే యున్నది. నేరము మోపుటకొక మనిషి దొరకనిచో దుఃఖము ఎవరి పైనను వేయ వీలుగాదు, తానే మోయవలసివచ్చును. లోకులు గ్రహణమును విడువలేకుండుటకు ఇదియే కారణమని మాకు తోచినది.

ఇట్టి బిడ్డకు మొదటి కష్టము పాలు. అంగిలి చీలినప్పుడు నోటిలో పీల్పు నిలువదు. బిడ్డ రొమ్ము పట్టును గాని పాలు రావు. వచ్చిన పాలు ముక్కునుండి కారును. తల్లి తనకు పాలు లేవనుకొనును. అత్త కోడలికి చాతకాదనుకొనును. బిడ్డ ఆకలితో నేడ్చి ఎండిపోవును. ఈ యెండిపోవుటయే తరువాత శస్త్రచికిత్సను ఆలస్యము చేయును, తగిన బరువును రక్తపుష్టియు లేని బిడ్డకు మత్తు ఇచ్చుట అపాయము గనుక. మన యిండ్ల ఉగ్గుగిన్నె యిచ్చట మిక్కిలి యుపకారి. తల్లిపాలు పిండి, బిడ్డను పరుండబెట్టక ఒడిలో నిటారుగా కూర్చుండబెట్టికొని, కొంచెము కొంచెముగా పోయుచు, నడుమ నడుమ భుజముపై వేసికొని త్రేన్పు తెప్పింపవలెను. పాలు పట్టుట కరగంట పట్టును. ఆ యరగంటయు తల్లి బిడ్డ కన్నులలోనికి జూచుచుండును. బిడ్డ తల్లి కన్నులలోనికి జూచుచుండును. ఈ విషయమును చిన్నదిగా నెంచరాదు. పసిబిడ్డ లోకమును మొదట చదువుకొను పుస్తకము తల్లి ముఖము. ఆ ముఖము తన్ను జూచి ముడుచుకొనుచున్నదా, విప్పారుచున్నదా యను సంగతి బిడ్డకు మాటలు రాకమునుపే తెలియును. తల్లి మొగము చాటుచేసికొనునట్లు ఇంటివారు చేసినచో, ఆ బిడ్డకు మొదటి పాఠమే తప్పుగా చెప్పినట్లు.

ఆ యింట పెద్దకొడుకు బారసాలనాటి ఛాయాచిత్రము గోడను వ్రేలాడుచున్నది. చిన్నదానికి బారసాల చేసిరి గాని బొమ్మ తీయనీయలేదు. పెదవి కుట్టిన తరువాతనే తీసిరి. ఆమె అయిదేండ్లప్పుడు గోడవంక జూచి, అన్న పసితనపు బొమ్మ యున్నది గదా, తనది లేదేమని యడిగినదట. నాయనమ్మ మాట తప్పించినది. చిన్నది మాయింటికి వచ్చి, తాను ఆ యింట పుట్టలేదా, ఎవరైన తెచ్చి పెట్టిరా యని మమ్మడిగెను. బిడ్డ మనస్సు చెప్పని విషయమును ఖాళీగా నుంచదు; దానిని భయముతో నింపుకొనును. మేము తల్లిని పిలిచి మాటలాడితిమి. వైద్యశాల దరఖాస్తు కొరకు ఆశా కార్యకర్త తీసిన బొమ్మ యొకటి తల్లి తన ఫోనులో ఎవరికిని తెలియకుండ దాచుకొనియున్నది. ఆనాటి రాత్రి దానిని కూతునకు జూపినది. చిన్నది చాలసేపు చూచి, "నొప్పెట్టిందా?" అని మాత్ర మడిగెనట. తల్లి, "నీకు నొప్పి లేదు, కుట్టినప్పుడు రెండుదినాలు ఏడ్చినావు, తరువాత నవ్వినావు" అని చెప్పినది. మరునాటినుండి ఆ పిల్ల తన పెదవిమీది గీతను దాచుటకు బదులు, "ఇది డాక్టరు కుట్టిన కుట్టు" అని తోడిపిల్లలకు తానే చెప్పసాగెను. ఆ బొమ్మ నేడు గోడమీద అన్న బొమ్మప్రక్కన నున్నది.

చికిత్స విషయమున మనవారు చేయు పొరపాటొకటి కలదు. పెదవి చీలిక కంటికి గనబడును గనుక దానిని కుట్టింతురు. అంగిలి నోటిలో దాగియుండును గనుక మరతురు. సాధారణముగా పెదవి 3 మొదలు 6 నెలల నడుమను, అంగిలి 9 మొదలు 18 నెలల నడుమను కుట్టుదురు. అంగిలి కుట్టుటకు కాలమేల ముఖ్యమనిన, బిడ్డ మాట నేర్చు కాలమదియే గనుక. మా వీథి చిన్నదానికి పెదవి ఎనిమిదవ నెలలో కుట్టిరి. "ముఖము బాగయినది, ఇక నేమి?" అని యింటివారు నాలుగున్నర యేండ్లు ఊరకుండిరి. అప్పటికామె మాట వంకరగా గట్టిపడిపోయెను.

ఇచ్చట మా వ్యాకరణము మాకు కొంత యక్కరకు వచ్చినది. క చ ట త ప లను పరుషములనియు, గ జ డ ద బ లను సరళములనియు సూరిగారు చెప్పిరి. ఈ పదియు పలుకవలెనన్న నోటిలో గాలిని బిగబట్టి విడువవలెను. అంగిలి చీలినచో గాలి నోట నిలువక ముక్కువెంట పోవును. మ, న లు అనునాసికములు. వానికి గాలి ముక్కువెంట పోవుటయే ధర్మము. కావున అవి నిరాటంకముగా వచ్చును. సోదరీమణులు గమనింతురు గాక: అమ్మ, నాన్న, మామ, ఇవి యన్నియు ముక్కు అక్షరములు. బిడ్డ వీనిని చక్కగా పలుకగా ఇంటివారు మురిసి, మాటకు లోపము లేదనుకొందురు. అక్క, తాత, అత్త, బాబు అనవలసివచ్చినప్పుడు గాని సంగతి బయటపడదు. ఆ చిన్నది "పాప" యనబోవ "మామ" యని వచ్చెడిది. పినతండ్రి కూతురొకతె యీమెకంటె రెండేండ్లు పెద్ద. ఆమెను "అక్క" యని పిలువలేక చేయి పట్టి లాగెడిది. పిలిచిన పేరు పలుకరానందున లాగుచున్నదని యెరుగక, అందరును ఆ పిల్లను మొండిదనిరి.

విశాఖపట్నమున అంగిలి కుట్టిన పిమ్మట అక్కడి వాక్చికిత్సకురాలు తల్లికి సాధన నేర్పి పంపినది. ముక్కు క్రింద చిన్న అద్దము పట్టి "ప" యనిపింపవలెను. అద్దము మసకబారినచో గాలి ముక్కువెంట పోయినట్లు, మసకబారనిచో నోట వచ్చినట్లు. "మ" యనునప్పుడు మసకబారుట సహజమే. బిడ్డ తన తప్పును తానే కంట జూచుకొనును, ఒకరు తిట్టనక్కరలేదు. బుడగలూదించుట, ఈల వేయించుట వలన మాట బాగుపడునని కొందరందురు గాని, మాట బాగుపడుటకు మాటనే సాధన చేయవలెనని నేటి వాక్చికిత్సకులు చెప్పుచున్నారు. తల్లికి ఇంటిపని చాలనందున మేము సాయంకాలము మా యరుగుమీద దినమునకు పదినిమిషములు ఆ పని చేయించుచు వచ్చితిమి. పది నిమిషములకంటె నెక్కువ చేయించినచో పిల్ల విసిగిపోవును. మొదట "ప" యొక్కటి. తరువాత "పా, పీ, పూ". పిమ్మట "పప్పు, పాప, పాపాయి". "క" వచ్చుటకు ఏడు నెలలు పట్టినది. ఒకనాటి సంజవేళ ఆ పెద్దపిల్ల సైకిలుమీద పోవుచుండగా మా యరుగునుండి "అక్కా!" యని కేక వినబడెను. ఆ పిల్ల బండి యాపి వెనుదిరిగి జూచెను. మేము వంటయింటిలో నుంటిమి. పొయ్యిమీది పాలు పొంగినను లేవబుద్ధి కాలేదు.

అంగిలి చీలిన పిల్లలకు చెవి విషయమునను శ్రద్ధ వలయును. అంగిలి కండరములకును చెవిలోని సన్నని గొట్టమునకును సంబంధముండుటచేత, కర్ణభేరి వెనుక నీరు చేరి వినికిడి తగ్గుచుండును. ఈ సంగతి తెలియనందున బిడ్డను మొద్దుపిల్ల యనియు, పరధ్యానమనియు అందురు. చీలిక యొక్కటే యున్నచో అది బుద్ధిని తగ్గింపదు. వినబడనిమాటకు జవాబు చెప్పలేకపోవుట బుద్ధిలేమి కాదు. సవరల భాషకై ఈ కొండలలో తిరిగి, చలిజ్వరముపాలై, క్వినైను వాడుటచే వినికిడి పోగొట్టుకొన్న గిడుగు రామమూర్తి పంతులుగారు మా ప్రాంతపువారే. చెవి వినబడకున్నను ఆయన పాండిత్యమునకు కొరత రాలేదు. కావున ఇట్టి పిల్లలను ఏటేట చెవి వైద్యునకు జూపవలెను. బడిలో ముందు వరుసను కూర్చుండబెట్టింపవలెను.

బడి యనగానే అసలు కష్టము వచ్చును. నాలుగైదేండ్ల బిడ్డ తనకును ఇతరులకును గల భేదమును గుర్తించును. ఎనిమిది పదియేండ్లు వచ్చుసరికి తోడివారి నవ్వు శూలమువలె గ్రుచ్చుకొనును. ఈ చిన్నది మొదట చేరిన యొక బడిలో ఆమెను "మొర్రీ" యని పిల్లలు పిలువగా అచ్చటి పంతులమ్మయు నవ్వెనట. పద్యము అప్పగించు వంతు వచ్చినప్పుడు, "నీకెందుకులే, కూర్చో" అని దాటించిరట. జాలిచేతనే కావచ్చును, కాని నవ్వుకంటె ఆ జాలియే చిన్నదానిని ఎక్కువగా బాధించినది. నవ్విన పిల్లవానితో పోట్లాడవచ్చును. దాటించిన గురువుతో నేమి చేయును? రెండు నెలలు కడుపునొప్పియని బడి మానినది. తరువాత తండ్రి ఆమెను మావారి బడికి మార్చెను. మావారు చేసినది పెద్దపని కాదు. పద్యము అప్పగించునప్పుడు అందరు పిల్లలను ఇద్దరిద్దరుగా చెప్పించిరి. ఇద్దరి గొంతులలో ఆమె గొంతు కలసిపోయెను. మూడు నెలల పిమ్మట ఎవరికి వారు చెప్పవలెననిరి. ఆమె వంతు దాటింపలేదు. తొందరపెట్టలేదు, తప్పు నందరి ఎదుట దిద్దలేదు. ఒక కుర్రవాడు నవ్వగా, ఆమె యాగి, వానివంక జూచి, ఆగినచోటినుండి మరల చెప్పి ముగించినది.

అన్నిదేశముల పరిశీలకులును చెప్పు మాట యొకటి మనము విశేషముగా గ్రహింపవలెను. ఇట్టి పిల్లలలో పెక్కుమంది మనోవ్యాధి లేకయే చక్కగా పెరుగుదురు. వారి సుఖదుఃఖములు మచ్చ యెంత పెద్దదనుదానిపై నంతగా ఆధారపడవు. చిన్నమచ్చ గలవారు కుమిలిపోవుటయు, పెద్దమచ్చ గలవారు నిబ్బరముగా నుండుటయు కలదు. ఇంటివారు ఎట్లు చూచిరి, ఒక్క స్నేహితురాలైన నున్నదా, తన్ను గూర్చి తాను ఏమి చెప్పుకొన నేర్చినది, వీనిమీద నాధారపడును. కావున బిడ్డకు రెండు వాక్యములు ముందే నేర్పియుంచవలెను: "నేను పుట్టినప్పుడు పెదవి చీలియుండినది. డాక్టర్లు కుట్టినారు." అడిగినవారికి చెప్పుటకింతియ చాలును. మాట సిద్ధముగా నున్న బిడ్డ తలదించుకొనదు.

అతిగారాబమును అపకారమే. మా వీథి యింట అన్న పొరపాటు చేసిన దెబ్బ, చెల్లెలు చేసిన "పోనీ, పాపము" అనుట యుండెడిది. నీళ్లు తెమ్మనరు, అంగడికి పంపరు, చుట్టములు వచ్చినప్పుడు లోపలికి పొమ్మందురు. ఈ మూడును ప్రేమవలెనే కనబడును. బిడ్డకు మాత్రము "నీవు చాలవు" అనుచున్నట్లే తోచును. అంగడికి పంపి, చిల్లర లెక్క చెప్పించి, లెక్క తప్పినచో మందలించిన నాడు గాని ఆమె ఇంటిలో ఇతరులవంటి బిడ్డ కాజాలదు. ఇపుడామెకు తొమ్మిదేండ్లు. అంగడివాడు రెండవసారి చెప్పుమనును. ఆమె విసుగుకొనక చెప్పుచున్నది.

ముందు మరి రెండు మెట్లున్నవి. చిగురు చీలికలో ఎముక నింపు శస్త్రచికిత్స 8 మొదలు 11 ఏండ్ల నడుమ, కోరపన్ను దిగకమునుపే చేయవలెను. తరువాత పలువరుస దిద్దింపవలెను. మొన్న నాయనమ్మ, "ఆడగుంట, ఇంకెన్నిసార్లు కోయిస్తారు? పెళ్ళికి ముందు చూద్దాం" అనెను. కోరపన్ను పెండ్లికొరకు ఆగదు. ఈ మాటలో మరియొక దోషమును కలదు: చికిత్స పెండ్లికొరకే గాని పిల్లకొరకు గాదనుట. అన్నము నమలుటకు, మాట స్పష్టమగుటకు, అద్దములో తన మొగము తనకు నచ్చుటకు చికిత్స వలయును. పండ్రెండు పదునాలుగేండ్ల వయస్సున తన రూపమునుగూర్చి ప్రతి పిల్లయు చింతించును. ఆ చింతకు ఇంటివారి పెండ్లిచింత తోడైనచో పిల్ల మోయజాలదు. ఆ వయస్సు వచ్చిన పిదప ఏ చికిత్స యెప్పుడు చేయింపవలెనో ఆమెను గూడ కూర్చుండబెట్టి యడుగుట న్యాయము. మొగము ఆమెది.

పూర్వులకీ విద్య తెలియనిది కాదు. సుశ్రుతుడు తెగిన చెవితమ్మెను, ముక్కును అతికించు విధమును చెప్పి, పెదవికిని ముక్కునకు చెప్పిన తీరే యనెను. చీనాదేశమున క్రీస్తుశకము 4వ శతాబ్దమున వేయ్ యోంగ్‌జీ యను పదునెనిమిదేండ్ల బీదవాడు చీలిన పెదవి కుట్టించుకొనుటకు దూరదేశము పోగా, వైద్యుడు నూరుదినములు గంజి మాత్రమే త్రాగి, మాటలాడక, నవ్వక యుండవలెననెనట. సగము ఆయుర్దాయము మౌనముగా నుండుమన్నను ఉందుననెనట వాడు. అతడు తరువాత ఒక రాష్ట్రమునకు పాలకుడయ్యెను. మన కాలమున మీర్జాపురపు పల్లెపిల్ల పింకీ సోన్‌కర్ చికిత్సకథ "స్మైల్ పింకీ" యను చిత్రముగా 2009లో ఆస్కారు బహుమతి నందెను. బడిలో పెదవి కారణమున దూరముగా నుంచబడిన ఆ పిల్లయే 2013లో వింబుల్డను పురుషుల కడపటి యాటకు నాణె మెగురవేసినది.

డబ్బు లేదని వెనుదీయనక్కరలేదు. 2013లో నారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున పుట్టినది మొదలు 18 ఏండ్లవరకు పిల్లలను పరీక్షించి చికిత్సకు పంపుదురు. మొర్రి ఆ పట్టికలోనిదే. 2007లో ఆరోగ్యశ్రీ పేర మొదలై నేడు ఎన్.టి.ఆర్. వైద్యసేవ యనబడు పథకమునను ఈ చికిత్స కలదు. 1999లో అమెరికాలో స్థాపింపబడిన స్మైల్ ట్రెయిన్ అను సంస్థ మన దేశపు వైద్యశాలలద్వారా ఉచితముగా చేయించుచున్నది. హైదరాబాదున డాక్టరు గోస్లా శ్రీనివాసరెడ్డిగారి జి.ఎస్.ఆర్. వైద్యశాల ఈ పనికే పేరొందినది. దారి తెలియనివారు తమ యూరి ఆశా కార్యకర్తను గాని, అంగన్‌వాడీ యామెను గాని అడిగిన చాలును. గర్భిణులకు 5వ నెలలో చేయు స్కానింగులో పెదవి చీలిక పెక్కుమార్లు కనబడును. అంగిలి చీలిక కనబడుట యరుదు. కావున బిడ్డ పుట్టిన వెంటనే నోరు తెరచి, వెలుతురులో అంగిలి చూడుమని మంత్రసానమ్మనైనను, డాక్టరమ్మనైనను అడిగి తెలిసికొనుట మేలు.

చికిత్స వైద్యులచేతిది, పథకము ప్రభుత్వముచేతిది. మనచేతిది ఒకటి కలదు. ఇరుగుపొరుగున అట్టి బిడ్డ పుట్టినదని విని చూడబోవు సోదరీమణులు గడపలోనే "అయ్యో" యని నిట్టూర్పవలదు. ఏ గ్రహణమని యడుగవలదు. బిడ్డను ఒడిలోనికి దీసికొని, కన్నులు ఎవరి పోలికయో చెప్పుడు; ఏమి పేరు పెట్టినారని యడుగుడు; పాలెట్లు పట్టుచున్నదని తల్లిని విచారించి ఉగ్గుగిన్నె చేతికందిండు. ఆ తల్లి ఆ దినమున విన్న మొదటి మంచిమాట అదియే కావచ్చును. తల్లి మొగము తేటపడినచో, ఆ మొగమునే చూచి పెరుగు బిడ్డయు తేటపడును.